గాలివాన ఏ మూలనుంది?

గాలివాన వస్తోందంటే నాకు ఒళ్ళు నిలవదు. ఈ వయసులో కూడా అంతే. పైకి చెప్పుకోకూడదు గాని చెబుతున్నాను. పంటలు పోతాయని తెలుసు, చెట్లు కూలి దారులు మూసుకుంటాయని తెలుసు, కొండచరియలు జారి బస్సులు ఆగిపోతాయనీ తెలుసు. అయినా తూర్పున మబ్బు పేరుకుని, గాలిలో తడిమట్టి వాసన తగిలి, జయపురం బజారులో దుకాణాలవాళ్ళు టార్పాలిన్ పట్టాలు బిగించుకోవడం మొదలుపెట్టగానే నేను మేడమీదకి పరిగెడతాను. మోకాళ్ళు నొప్పులని అంతసేపూ మూలిగినదాన్ని ఆ మెట్లు ఎలా ఎక్కుతానో నాకే తెలీదు. మా అల్లుడు దీన్ని చాదస్తమంటాడు. అననీ, ఆయన పుట్టిన ఊళ్ళో గాలే ఉండదు.

మొన్న అలాంటి కబురే వచ్చింది. ఫోనుల్లో హెచ్చరికలు, కొరాపుట్‌లో బడులకు సెలవులు. మా అమ్మాయి అక్కడ ఆఫీసులో పనిచేస్తుంది, ఆ రోజుల్లో దానికి సెలవు ఉండదు. అందుకని మనవరాలు సుమను తెచ్చి నా దగ్గర దింపి వెళ్ళింది. సుమ ఏడో తరగతి. తుపాను ఎలా పుడుతుందో చార్టు గీసి తెమ్మని బళ్ళో చెప్పారట. వచ్చీ రాగానే సంచీ మంచం మీద పడేసి, చార్టు నేలమీద పరిచి, నన్ను నిలదీసింది.

"అమ్మమ్మా, సముద్రం మనకి అంత దూరముంది. మజ్జలో కొండలున్నాయి. మరి మన బడికి సెలవెందుకిచ్చీసేరు?"

"ఇచ్చినందుకు ఏడుస్తున్నావేటి?"

"ఏడవట్లేదు, రీజన్ అడుగుతున్నాను. చార్టులో రాయాలి."

ఫోను తెరిచి ఉపగ్రహం తీసిన బొమ్మ చూపించింది. బంగాళాఖాతం మీద తెల్లటి మబ్బు సుడి తిరిగి ఉంది. సరిగ్గా మధ్యలో నల్లటి చిన్న కంత. "ఇది కన్ను. ఇక్కడ గాలుండదట. చుట్టూరా ఉన్నదే అసలు గాలంట. మనం సైక్లోన్ అంటాం, అమెరికా వాళ్ళు హరికేన్ అంటారు, జపాన్‌లో టైఫూన్. అన్నీ ఒకటే," అని గడగడా అప్పజెప్పింది. నేను సగమే విన్నాను. ఆ కంతను చూసినప్పటి నుంచీ నా బుర్ర రాయగడలో ఉంది, మా మామ్మ దగ్గర ఉంది.

రాయగడలో మా నాన్న మునిసిపాలిటీ పంపుహౌసులో పనిచేసేవాడు. మాకిచ్చిన క్వార్టరు పల్లంలో ఉండేది. వెనక పెరడు, పెరడు దాటితే గెడ్డ, అంటే చిన్న కొండవాగు. వేసవిలో ఆ గెడ్డలో చీలమండ మునిగేంత నీళ్ళుండేవి, అందులోనే మేం గిన్నెలు తోముకునేవాళ్ళం. ముందు వైపు రోడ్డు దాటి మిట్ట ఎక్కితే రైస్ మిల్లు. పొద్దున లేస్తే ఉడికిన వడ్ల వాసన మిట్ట దిగి మా ఇంట్లోకొచ్చేది. దాన్ని తోసేసి మా మామ్మ వాసన నిలబడేది. మామ్మ అంటే నాన్నకి అమ్మ. భీమిలికి ఎగువన సముద్రం ఒడ్డునే పుట్టి పెరిగింది. కొడుకుతో ఈ కొండల్లోకి వచ్చి ఎన్నేళ్ళయినా ఆవిడ చీరలోంచి ఎండుచేపల వాసన పోలేదు. అడ్డపొగ తాగేది, అంటే చుట్ట నిప్పు నోట్లో పెట్టుకునేది. ఎందుకలా అని అడిగితే, "సముద్రపు గాలికి నిప్పు బయటుంటే నిలుస్తాదేటి?" అనేది. రాయగడలో సముద్రపు గాలెక్కడిదని నేను, నోరుముయ్యమని ఆవిడ. రోజూ అదే గొడవ.

క్వార్టరు ఎవరో ఇంజినీరు కట్టించినది. మామ్మకి దానితో పనిలేదు. అడుగుపెట్టిన రోజునే దిక్కులు చూసి సామాను సర్దించింది. ఈశాన్యంలో దేవుడి బల్ల, ఆగ్నేయంలో పొయ్యి, నైరుతిలో బరువుండాలని బియ్యం డబ్బా, వాయవ్యంలో ఆవిడ మంచం. గాలి తగిలే మూలలో తానే పడుకుంటానని పంతం. మేం తూర్పు, పడమర అనేవాళ్ళం కాదు. చెంబు పొయ్యి పక్కనుంది, చీపురు దేవుడి పక్కనుంది అనుకునేవాళ్ళం. చోడి అంబలి, అదే రాగి జావ, తాగి బడికి పోయే తొందరలో కూడా నాకు ఏ గోడ ఏ దిక్కో తడుముకోకుండా తెలిసేది. అదంతా మామ్మ చాదస్తమని అప్పుడు విసుక్కునేదాన్ని.

బడిలో మాకు మినతీ దిది ఉండేది. ఆడ టీచర్లను అక్కడ దిది అంటారు. చదువు ఒడియాలో, కొట్లాటలు తెలుగులో. దిది పాఠం చెబుతుంటే కిటికీలోంచి బయటికి చూసే పిల్ల ఒక్కతీ ఉండేది కాదు. తుపాను పాఠం రోజున ఇంటికి పోయి గంజి ఉడికే గిన్నె మీద, కాస్త ఎత్తున, అరచెయ్యి పెట్టి చూడమంది. చూశాం. చెయ్యి తడిసింది, చుర్రుమంది. మర్నాడు అడిగింది, చెయ్యి ఎందుకు అంత కాలిందని. ఆవిరి మళ్ళీ నీరయ్యేటప్పుడు తనలో దాచుకున్న వేడినంతా వదిలేస్తుందట. వెచ్చటి సముద్రం మీద కూడా ఇదే జరుగుతుంది. ఆవిరి పైకి పోయి మబ్బవుతుంది, ఆ వేడితో గాలి ఇంకా తేలికై ఇంకా పైకి పోతుంది. కింద ఒత్తిడి తగ్గుతుంది, చుట్టుపక్కల గాలి అక్కడికి ఉరుకుతుంది, ఉరుకుతూ మరింత ఆవిరిని మోసుకొస్తుంది. కింద వెచ్చటి నీళ్ళున్నంతకాలం ఆ పొయ్యి ఆరదు. నేలమీదకొస్తే కట్టెలు అయిపోయినట్టే, నెమ్మదిగా చల్లారుతుంది. అదంతా విని నాకు అన్నం సయించలేదు. గంజిగిన్నెలో ఇంత కథ ఉందా అనుకున్నాను.

మరి తిరగడం ఎందుకు? అదీ చూపించింది. ఆఫీసు గదిలోంచి తిరిగే కుర్చీ తెప్పించి, దానిమీద పలక పెట్టి, ఒకమ్మాయి చేత తిప్పిస్తూ, సుద్దముక్కతో అంచునుంచి మధ్యకి తిన్నగా గీత గీసింది. కుర్చీ ఆపితే గీత వంకర తిరిగి ఉంది. భూమి తిరుగుతోంది కనక గాలి కూడా తిన్నగా పోలేదు, భూమధ్యరేఖకి ఉత్తరాన, మన సగంలో, కుడికి ఒరుగుతుంది. అన్ని వైపులనుంచీ ఉరికే గాలి అలా ఒరిగి ఒరిగి, నడిమికి చేరలేక, గడియారం ముల్లుకి ఎదురుగా చుట్లు తిరుగుతుంది. ఆ తర్వాత దిది చెప్పిన ముక్కే నన్ను పిచ్చిదాన్ని చేసింది. గాలికి వీపు పెట్టి నిలబడి ఎడమ చెయ్యి పక్కకి చాపితే, తుపాను నడిమి భాగం కాస్త అటూ ఇటూగా ఆ చెయ్యి చూపించే వైపున ఉంటుందట. యంత్రం అక్కర్లేదు, రేడియో అక్కర్లేదు, ఒక వీపూ ఒక చెయ్యీ చాలు. ఆ నెలంతా నేను ఏ పిల్లగాలి వీచినా రోడ్డు మీద ఆగి చెయ్యి చాపాను. సైకిళ్ళవాళ్ళు నన్ను బస్సులు ఆపే మనిషననుకున్నారు.

ఆ ఏడు చలికాలం ముందు నిజమైనదే వచ్చింది. ముందురోజే రేడియోలో చెప్పారు. తెల్లవారేసరికి గాలి ఈల వేస్తోంది. నది పొంగకముందే మోటార్లు పైకెక్కించాలని నాన్న చీకటితోనే పంపుహౌసుకి వెళ్ళిపోయాడు. ఇంట్లో మామ్మ, అమ్మ, నేను, అమ్మ ఒళ్ళో ఇంకా నడక రాని తమ్ముడు. వాన అడ్డంగా కొడుతూ దేవుడి మూల కిటికీ సందుల్లోంచి లోపలికొచ్చి పటాలను తడిపేస్తోంది. మామ్మ దీపాన్ని చెంగుచాటున పెట్టుకుని ఇవతలికి తెచ్చింది. నేను గది మధ్యలో నిలబడి, దేవుడి మూలకి వీపు పెట్టి, ఎడమ చెయ్యి చాపాను. చెయ్యి సరిగ్గా పొయ్యిని చూపిస్తోంది.

"అమ్మా, గాలివాన పొయ్యి దగ్గరుంది," అన్నాను.

"అలాగైతే దానికీ ఓ గరిటెడు అంబలి పోసీ," అంది అమ్మ.

ఆ పొద్దంతా నాకు పండగే. మధ్యాహ్నానికి దేవుడి మూల తడవడం తగ్గి తూర్పు గోడ నెమ్మెక్కింది. నా చెయ్యి దక్షిణానికి తిరిగింది. ఇంకాసేపటికి వాన పొయ్యి మూలనుంచి కొట్టడం మొదలుపెట్టింది. కట్టెలు తడిసి పొయ్యి ఆరిపోయింది, ఇల్లంతా పచ్చికట్టెల పొగ. దగ్గుతూనే వీపు పెట్టి చెయ్యి చాపాను. బియ్యం డబ్బా. తుపాను నడుస్తోంది, మా ఇంటి పక్కనుంచి నడిచి వెళ్తోంది, అది ఎక్కడుందో నాకు తెలుస్తోంది. ఆ సంతోషం ఎవరికి చెప్పుకోను? తమ్ముడికి చెప్పాను. వాడు నా ముక్కు పట్టుకున్నాడు.

అప్పుడు గాలి ఆగిపోయింది. వాన సన్నగిల్లింది. ఆ నిశ్శబ్దంలో వెనకనుంచి ఒక రొద వినిపించింది. అమ్మ పెరటి కిటికీ తెరిచి చూసి, తమ్ముణ్ణి ఎత్తుకుని గబగబా వచ్చింది.

"అత్తా, గెడ్డ పెరట్లోకొచ్చీసింది. బట్టలుతికే బండ కనపడ్డం నేదు. గాలి ఆగింది కదా, బేగి మిల్లుకెలిపోదాం."

మామ్మ లేచి వీధి తలుపుకి అడ్డకర్ర వేసి, దానికి వీపు ఆనించి కింద కూర్చుంది. "ఎవులూ కదలొద్దు. ఇది ఆగడం కాదు. ఊపిరి తీసుకుంటంది. ఇప్పుడు ఎనక్కి తిరిగి కొడతాది. మొదటి గాలికి రెండింతలు కొడతాది."

"గెడ్డ అత్తా..."

"గెడ్డ నీలేటి సేస్తాయే? సముద్రాన్ని సూసినదాన్ని నాను."

సముద్రాన్ని చూసినావిడే. అంతకుముందు ఎప్పుడూ చెప్పని మాట ఆ తలుపు దగ్గర కూర్చుని చెప్పింది. మామ్మ చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో గాలివాన ఇలాగే పొద్దుటినుంచీ కొట్టి, ఉన్నట్టుండి ఆగిందట. ఆకాశం తేటపడిందట. ఆవిడ తమ్ముడు అప్పన్న, అప్పటికి మీసం కూడా రాలేదు, పడవ తాడు బిగించి వస్తానని బయల్దేరాడట. "నానే తీసేను అడ్డకర్ర. ఆడి సేతికి తాడు కూడా నానే ఇచ్చేను. ఆడు ఒడ్డు సేరకముందే గాలి అటునుంచి తిరగబడింది." తర్వాత ఏమైందో చెప్పలేదు, చెప్పనక్కర్లేకపోయింది. మా అమ్మ చంకలో తమ్ముణ్ణి చూస్తూ, "ఈ గుంటడు నా పానముండగా ఈ తలుపు దాటడు," అంది.

అత్తగారిని పక్కకి తొయ్యడం మా ఇళ్ళలో లేదు. పెరటి గుమ్మం కిందనుంచి ఎర్రటి నీళ్ళు నాలుకలా లోపలికి వస్తున్నాయి. నాకు భయమేసిందనుకుంటారు గాని సగమే భయం. మిగతా సగం, నాకు తెలుసన్న సంబరం. మామ్మ చెప్పింది అబద్ధం కాదు, దిది కూడా కన్ను గురించి అదే చెప్పింది. కాని ఇది కన్ను కాదు. ఆ సంగతి ఆవిడ నోటితోనే ఒప్పించాలి. నేను ఆవిడ ముందు గొంతుక్కూర్చున్నాను.

"మామ్మా, పొద్దున్న దీపం ఎందుకు తీసేవు?"

"దేవుడి మూల తడిసింది కాబట్టి. ఇప్పుడెందుకే ఆ సొద?"

"తరవాత ఏ గోడ తడిసింది?"

"తూర్పుది."

"తరవాత?"

మామ్మ పొయ్యి వైపు చూసింది. తడి కట్టెలు ఇంకా పొగ చిమ్ముతున్నాయి.

"గాలి తిరిగింది మామ్మా. పొద్దున్న తుపాను పొయ్యి పక్కనుండేది. ఇప్పుడు బియ్యం డబ్బా పక్కకెలిపోయింది. ఇంటి బయటనుంచే నడిచెలిపోయింది, లోపలికి రానేదు. తిన్నగా మన మీదకొస్తే గాలి ఒక్క పక్కనుంచే కొట్టాల. నడిమి భాగం మన మీద లేనప్పుడు ఎనక్కి తిరగబడే గాలేటి? ఇది ఉత్త సందు. మబ్బుకీ మబ్బుకీ మజ్జన సందు. మళ్ళీ వస్తే ఈ పొయ్యి పక్కనుంచే వస్తాది, తగ్గి వస్తాది. మనకి గాలితో పని నేదు, ఆ గెడ్డతోనే."

మామ్మ లేచింది. దేవుడి మూలకి పోయి గోడమీద చెయ్యి పెట్టింది. తూర్పు గోడ తడిమింది. పొయ్యి పైన గోడ తడిమి, చెయ్యి చీరకి తుడుచుకుంది. నీళ్ళు అప్పటికి ఆవిడ పాదాలను చుట్టుకున్నాయి. తిరిగి వచ్చి నా చెయ్యి పట్టుకుని తమ్ముడి తలమీద పెట్టింది.

"ఈడి మీద సెయ్యేసి సెప్పు. గాలి తిరగబడదని సెప్పు."

ఇప్పటికీ ఆ తల వెచ్చదనం నా అరచేతికి తెలుసు. ఒక్క క్షణం నాకు దిది మీద కూడా అనుమానం వచ్చింది. పలక మీద వంకర గీతను నమ్మి ఈ పిల్లవాణ్ణి బయటికి తీసుకుపోవచ్చా? కాని దేవుడి మూల, తూర్పు గోడ, పొయ్యి, మూడూ ఒకే మాట చెబుతున్నాయి. "తిరగబడదు మామ్మా," అన్నాను. ఆవిడ నా మొహంలోకి చూసి, వెనక్కి తిరిగి, తన చేతులతోనే అడ్డకర్ర తీసింది.

మిట్ట ఎక్కుతుంటే బురదలో కాళ్ళు దిగబడ్డాయి. అమ్మ తమ్ముడితో ముందు, నేను మామ్మని లాక్కుంటూ వెనక. గాలి అటునుంచి తిరగబడుతుందేమోనని మామ్మ అడుగడుక్కీ ఆగి పడమటి ఆకాశం వైపు చూసేది. మిల్లులో ఊకబస్తాల మీద అప్పటికే సగం వీధి ఉంది. మేం చేరిన కొంచెంసేపటికే గాలి మళ్ళీ లేచింది, పొయ్యి వైపునుంచే, పొద్దుటికంటే నెమ్మదిగా. పైనుంచి మా ఇల్లు చూశాం. గెడ్డ పెరటి గోడను కూల్చి, ఇంట్లోకి దూరి, వీధి గుమ్మంలోంచి బయటికొస్తోంది. బియ్యం డబ్బా తేలుతూ రోడ్డెక్కింది. సాయంత్రానికి నాన్న ఒంటినిండా బురదతో వచ్చి, మమ్మల్ని ఒక్కొక్కరినీ తడిమి చూసుకుని, తమ్ముణ్ణి ఎత్తుకుని ఏడ్చాడు. మా నాన్న ఏడవడం అప్పుడే చూశాను.

ఇదంతా చెప్పేసరికి సుమ చార్టు పక్కన పెట్టేసి నా మోకాలి దగ్గరకి జరిగింది. "అయితే సెలవెందుకిచ్చేరో అర్థమైంది. కొండల్లోకొచ్చేసరికి గాలి చస్తుంది, వాన చావదు. కొండలు ఆ మబ్బుని పట్టి పిండేస్తాయి. ఆ నీళ్ళే గెడ్డల్లోకొస్తాయి. కరెక్టేనా?" అంది. కరెక్టే. మాకు ఒక వీపూ ఒక చెయ్యీ కావలసి వచ్చేవి, సుమకి ఫోను మీద వేలితో ఒక్కసారి నొక్కితే చాలు. తుపాను ఎక్కడ పుట్టింది, ఎప్పుడు ఒడ్డెక్కుతుంది, రేపు పొద్దుటికి ఎక్కడుంటుంది, అన్నీ రంగుల్లో గీసి చూపిస్తారు. ఒడ్డునున్న ఊళ్ళవాళ్ళను ముందే లారీలెక్కించి పక్కా బిల్డింగుల్లో పెట్టేస్తున్నారు. చూస్తే నాకు చప్పట్లు కొట్టాలనిపిస్తుంది. వెనకటి రోజులే బాగుండేవనే ముసలాళ్ళతో ఈ ఒక్క విషయంలో నేను చేరను. కాకపోతే లక్ష్మీపూర్ పక్కనో కల్యాణసింగ్‌పూర్ పక్కనో ఒక ఇంటి వెనక గెడ్డ ఏ రాయి దాకా వచ్చిందో ఫోను చెప్పదు. అది కిటికీ తెరిచి చూసుకోవాల్సిందే. ఆ ముక్క కూడా చార్టులో రాయమన్నాను. మార్కులు రావు అమ్మమ్మా అంది, అయినా రాసింది.

"తరవాత మామ్మ ఏటంది? నిన్ను మెచ్చుకుందా?" అని అడిగింది.

మెచ్చుకున్నవాళ్ళు చాలామందే ఉన్నారు. ఆ సాయంత్రం మిల్లులో అమ్మ ప్రతివాళ్ళకీ చెప్పింది, ఎవరో బెల్లం అటుకులు పెట్టారు, నేను మహారాణిలా బస్తామీద కూర్చుని గాలికి వీపెలా పెట్టాలో అందరికీ పాఠం చెప్పాను. మామ్మ మాత్రం ఒక పక్కన గోడకి ఆనుకుని, గాలి పూర్తిగా సన్నగిల్లేదాకా పడమటి వైపు చెవిపెట్టి కూర్చుంది. తిరగబడే గాలి రాలేదు. ఇక రాదని ఆవిడకి నమ్మకం కుదిరాక నన్ను పిలిచింది.

"అమ్మి, ఇటు రా. ఒకటడుగుతాను. మా ఊల్లో ఆ రోజు పొద్దుట మొదలు గాలి ఆగీదాకా మా ఇంటికి ఉత్తరపు గోడొక్కటే తడిసింది. మిగిలినియ్యి పొడిగున్నాయి. నీ సదువు పెకారం అదేటి?"

నాకు జవాబు వెంటనే తెలిసిపోయింది. తెలియకపోతే బాగుండుననిపించింది. బెల్లం ఇంకా నోట్లో ఉంది. మామ్మ నా గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుంది.

"సెప్పు."

"గాలి తిరగనేదంటే... అది తిన్నగా మీ మీదకే వస్తందని మామ్మా. అలాటప్పుడు ఆగితే, అది కన్నే."

మామ్మ తల ఊపింది. ఆ తర్వాత ఎవరితోనో అన్నట్టు అంది.

"అందరం సూసేం ఆ గోడని. మా నాన సూసేడు, మాయమ్మ సూసింది. తడి లోపలికి రాకండా దానికి గోనె కట్టింది నానూ అప్పన్నే. పొద్దల్లా మా కళ్ళ ముందే ఉంది. అదేటి సెప్తందో మాకెవులూ సెప్పనేదు."